కుక్కకీ పిల్లికీ వైద్యం: సర్కారు ఆసుపత్రా, పెట్ క్లినిక్కా, తిరుపతో చెన్నైయో పోవాలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ల కోసం

కుక్కపిల్లను తెచ్చుకున్న వారంలో దానికి ఏం పేరు పెట్టాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది. డాక్టరు ఎవరన్న చర్చ మాత్రం అది తిండి మానేసిన రోజు రాత్రి పదింటికి మొదలవుతుంది. అప్పుడు తెలిసినవాళ్లకల్లా ఫోన్లు, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు, ఒక్కొక్కరిదీ ఒక్కో సలహా.

ఒంగోలు గిత్త, నెల్లూరు గొర్రె పుట్టిన నేల మనది. పశువుల ఆసుపత్రులకు కొదవ లేదు. అయితే అవన్నీ పాడి గేదె, గొర్రె, మేక, కోడి చుట్టూ కట్టుకున్న ఏర్పాటు. అపార్ట్‌మెంట్లో పెరిగే షిట్జూ, సోఫా దిగని పర్షియన్ పిల్లి ఈ ఏర్పాటుకి కొత్త పేషెంట్లు. వీటి కోసమే పుట్టిన పెట్ క్లినిక్కులు ఎక్కువగా పెద్ద పట్టణాల్లోనే ఉన్నాయి. మెట్ట మండలాల్లో ఉన్నవాళ్లకి దగ్గర్లో ఉండేది సర్కారు ఆసుపత్రి ఒక్కటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అన్ని పనులకూ సరిపోయే ఒక్క చోటు మన రెండు జిల్లాల్లో వెతకడం దండగ. టీకాకి ఎక్కడికి, జ్వరానికి ఎక్కడికి, ఆపరేషన్‌కి ఎక్కడికి, అర్ధరాత్రి ఎక్కడికి అని పనిని బట్టి విడగొట్టుకుని, ఆ నంబర్లు ఇప్పుడే ఫోన్లో వేసుకోవాలి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

సూది వేసేది ఎవరు? పశువైద్య డిగ్రీ, అంటే బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్., ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. అది పూర్తయ్యాక రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్లో రిజిస్టర్ చేసుకుంటారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చెయ్యాల్సింది ఇలా రిజిస్టరైన డాక్టరే. డిప్లొమా చేసిన సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చిన్నచిన్న పనులు చెయ్యొచ్చు. మనమేమో పశువుల ఆసుపత్రిలో ఎవరు కనిపించినా "డాక్టరు గారూ" అనేస్తాం. కాంపౌండర్లను తక్కువ చెయ్యడం లేదు. కట్టు కట్టడంలో, నులిపురుగుల మందు తాగించడంలో, కరిచే కుక్కని పట్టుకోవడంలో వాళ్ల చెయ్యి చాలాసార్లు డాక్టరు చెయ్యి కన్నా మేలు. కానీ రోగం ఏమిటో తేల్చడం, మత్తు ఇవ్వడం, ఆపరేషన్ చెయ్యడం డాక్టరు పనులు. "మీరు డాక్టరేనా అండీ?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఎంత దూరం, ఎప్పుడు తెరిచి ఉంటుంది? చర్మ వ్యాధికి గంట ప్రయాణం ఏమంత పెద్ద విషయం కాదు. రక్త విరేచనాలు అవుతున్న రెండు నెలల పిల్లకి ఆ గంటే ప్రాణం మీదకి తెస్తుంది. ఆదివారం ఉంటారా, మధ్యాహ్నం మూసేస్తారా, రాత్రి ఫోన్ ఎత్తుతారా అన్నది ముందే కనుక్కోవాలి.

ఫ్రిజ్ ఎలా ఉంది? దీన్ని ఎవరూ అడగరు, నేను మాత్రం అడుగుతాను. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మే నెలలో మన కరెంటు కోతలు తెలిసినవే. చల్లదనం తప్పిన టీకా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, వేసినా ఏ రియాక్షనూ రాదు. పని చెయ్యదు, అంతే. ఒకచోట టీకా సీసాలు కూల్‌డ్రింకుల పక్కన, మాటిమాటికీ తీసే ఫ్రిజ్ తలుపులో కనిపించాయి. అలాంటి చోట టీకా వేయించను. వేసిన ప్రతిసారీ సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించి, తేదీ రాసి, సంతకం పెట్టాలి. పెట్ షాపువాళ్లు "మేమే వేసేశాం" అని చేతిలో పెట్టే కార్డులో స్టిక్కరు, డాక్టరు సంతకం లేకపోతే ఆ టీకా పడనట్టే లెక్క.

రక్త పరీక్ష అక్కడే అవుతుందా? మన ప్రాంతంలో కుక్క జ్వరం అంటే ముందు అనుమానించాల్సింది గోమార్ల వల్ల వచ్చేదాన్ని. రక్తం చూడకుండా దాన్ని తేల్చలేరు. దీని సంగతి కింద వివరంగా చెప్తాను.

మొత్తం ఎంతవుతుంది? చూసే ఫీజు ఒక్కటే అడిగి లాభం లేదు. ఇంజెక్షన్లు, సెలైన్, పరీక్షలు, కేజ్ చార్జీ, మళ్లీ మళ్లీ తిరగడానికి ఆటో, పోయిన కూలి రోజు కూడా కలిపి లెక్కేసుకోవాలి.

## ఒక్క చూపులో

| పని | సర్కారు పశువుల ఆసుపత్రి | ప్రైవేటు పెట్ క్లినిక్ | ఇంటికొచ్చే డాక్టరు | వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి |
|---|---|---|---|---|
| రేబిస్ టీకా | మంచిది, చౌక | మంచిది | ఐస్ ఫ్లాస్కులో తెస్తేనే | దీనికోసం పోనక్కర్లేదు |
| కుక్కపిల్ల కంబైండ్ టీకాలు (ఒకే సూదిలో చాలా జబ్బులకు) | చాలాచోట్ల బయట కొనుక్కెళ్లాలి | మొదటి ఎంపిక | ఐస్ ఫ్లాస్కులో తెస్తేనే | అక్కర్లేదు |
| జ్వరం, గోమార్ల జబ్బు | పరీక్ష బయట చేయించాల్సి రావచ్చు | మొదటి ఎంపిక | పరీక్ష లేకుండా వద్దు | తగ్గకపోతే |
| పాముకాటు, పురుగుమందు | దగ్గరదైతే ముందు ఇక్కడికే | మందు ఉందో ఫోన్లో అడిగి | వద్దు | ప్రథమ చికిత్స అయ్యాక |
| పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ | డాక్టరు అనుభవాన్ని బట్టి | సదుపాయాన్ని బట్టి | వద్దు | ముసలివాటికి, పగ్ లాంటివాటికి |
| ఎముక ఆపరేషన్, కిడ్నీ, క్యాన్సర్ | కష్టం | కొన్ని చోట్ల | కాదు | మొదటి ఎంపిక |
| ఖర్చు | నామమాత్రం, మందులు బయట | బిల్లు పెద్దది | మధ్యస్తం | ఫీజు తక్కువ, ప్రయాణం ఎక్కువ |

ఇది స్థూలంగా మాత్రమే. మీ ఊళ్లో ఉన్న ఒక మంచి డాక్టరు ఈ పట్టికలో ఏ గడినైనా తారుమారు చేసెయ్యగలరు.

## సర్కారు పశువుల ఆసుపత్రి

"గేదెల డాక్టరుకి కుక్క గురించి ఏం తెలుసు?" అన్న మాట చాలామంది నోట వింటాను. ఇది సగం తప్పు. పశువైద్య చదువులో అన్ని జంతువులూ ఉంటాయి. పైగా కొన్ని విషయాల్లో పల్లెల్లో పనిచేసే డాక్టరుదే పైచెయ్యి. పురుగుమందు నాకి నురగలు కక్కుతున్న జంతువును, పాము కరిచిన జంతువును, పిల్ల అడ్డం తిరిగి ఈనలేక అవస్థ పడుతున్న జంతువును ఆయన చూసినన్నిసార్లు టౌన్లో పెట్ డాక్టరు చూసి ఉండకపోవచ్చు. చేలో కాపలా ఉండే కుక్కకి ఇలాంటి ఆపద వస్తే, నలభై కిలోమీటర్లు దాటి పెట్ క్లినిక్కు కోసం పరుగెత్తడం కన్నా మండలంలో ఉన్న సర్కారు డాక్టరును పట్టుకోవడమే తెలివి.

ఇంకో సగం మాత్రం నిజమే. అక్కడికొచ్చే మందుల స్టాకు ఎక్కువగా పెద్ద పశువులకు సరిపోయేది. గాలికుంటు టీకాల కార్యక్రమం నడుస్తుంటే డాక్టరు ఊళ్ల మీద ఉంటారు, కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. ముందు ఫోన్ చేసి పోతే ఈ బాధ తప్పుతుంది. పొద్దున్నే పోవడం మేలు.

రేబిస్ టీకాకి నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇక్కడికే. ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటుంది. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు క్యూ ఉంటుంది, కుక్కలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతాయి. బెల్టు, మూతికి చిక్కం లేకుండా తీసుకుపోవద్దు. వీధిలో నాలుగు కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు ఆ తేదీని క్యాలెండర్లో రాసిపెట్టుకోవచ్చు.

మరో మాట. కుక్కకి టీకా వేయించాం కదా అని అది కరిచినా పట్టించుకోకుండా ఉండకూడదు. గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, మనుషుల ఆసుపత్రికి పోవాల్సిందే.

2022లో మొదలైన సంచార పశువైద్య వాహనాల గురించీ అడుగుతుంటారు. 1962కి ఫోన్ చేస్తే ఊరికి వస్తాయి. ఇవి ముఖ్యంగా పాడి పశువులు, జీవాల కోసం. కుక్కకి చూస్తారా అన్నది ఫోన్లోనే అడిగి తేల్చుకోండి. దాని కోసం ఎదురుచూస్తూ ఉన్న సమయాన్ని పోగొట్టుకోవద్దు.

## ప్రైవేటు పెట్ క్లినిక్

డబ్బు ఎక్కువ తీసుకుంటారన్న మాట నిజమే. ఆ డబ్బుకి వచ్చేది ఏమిటంటే, ఒకే డాక్టరు మీ కుక్కని చిన్నప్పటి నుంచీ చూస్తారు. పోయిన ఏడాది ఏ మందు పడలేదో, ఎంత బరువుండేదో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. ఫోన్లో "నిన్నటి కన్నా నయం, కానీ నీళ్లు తాగట్లేదు" అంటే అర్థం చేసుకుంటారు. అందుకే నెలకో క్లినిక్ మారడం నాకు నచ్చదు. రెండు మూడు చూసి ఒకటి ఖాయం చేసుకుని, అక్కడే ఉండండి.

చూడ్డానికి వెళ్లిన రోజు ఏసీ హాలు, గోడ మీద బొమ్మలు చూసి మురిసిపోవద్దు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. రక్తం ఇక్కడే చూస్తారా, బయటికి పంపిస్తారా? సెలైన్ పెట్టిన పిల్లని రాత్రి ఉంచుకుంటారా? ఉంచుకుంటే రాత్రంతా మనిషి ఉంటాడా, తాళం వేసి వెళ్లిపోతారా? పార్వో (కుక్కపిల్లలకు రక్త విరేచనాలు తెచ్చే అంటువ్యాధి) వచ్చిన పిల్లని టీకాకి వచ్చిన పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చోబెడతారా? ఈ చివరి ప్రశ్నకి జవాబు ఎవరినీ అడగక్కర్లేదు, పది నిమిషాలు కూర్చుంటే కనబడుతుంది.

చాలా క్లినిక్కుల్లో స్నానం, కటింగ్, మేత అమ్మకం కూడా ఉంటాయి. అవి వైద్యానికి కొలమానం కావు. మేత బ్రాండు అంటగట్టడం మీదే ధ్యాస ఉన్నచోట కాస్త జాగ్రత్తగా ఉండాలి.

## ఇంటికొచ్చే డాక్టరు

లేవలేని ముసలి లాబ్రడార్‌కి, బండి ఎక్కితే పిచ్చెత్తిపోయే పిల్లికి, కొత్తవాళ్లను చీల్చేసే కాపలా కుక్కకి ఇది వరం. టీకాలకీ పనికొస్తుంది, కానీ ఐస్ ప్యాకులతో ఫ్లాస్కులో తేవాలి. చొక్కా జేబులోంచి తీస్తే మర్యాదగా వద్దనండి. వాంతులు, విరేచనాలు, రెండు రోజులు దాటిన జ్వరం ఉన్నప్పుడు మాత్రం ఇంట్లో ఒక సూది వేయించి ఊరుకోవద్దు. కొన్ని సూదులు జ్వరాన్ని ఒక పూట దించి, జబ్బును లోపలే ఉంచుతాయి.

ఇక మందుల షాపు. నిజానికి మనలో ఎక్కువమంది ముందు పోయేది అక్కడికే. పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్లైనా ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపునీ కిడ్నీలనూ పాడు చేస్తుంది. కుక్కకి గోమార్ల కోసం వాడే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి పడవు. ఇంట్లో రెండూ ఉంటే కుక్కకి రాసిన మందు పిల్లి నాకకుండా చూసుకోవాలి.

## కాలేజీ ఆసుపత్రులు

నెల్లూరు వాళ్లకి రెండు దారులు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కాలేజీ ఉంది, 1955 నుంచి నడుస్తోంది. చెన్నైలో వేపేరి దగ్గర మద్రాసు వెటర్నరీ కాలేజీ ఉంది, 1903 నాటిది. నెల్లూరు నుంచి తిరుపతి సుమారు 130 కిలోమీటర్లు, చెన్నై సుమారు 175. ఒంగోలు వాళ్లకి విజయవాడ దాటాక గన్నవరంలో ఉన్న ఎన్.టి.ఆర్. వెటర్నరీ కాలేజీ తిరుపతి కన్నా దగ్గర.

ఇక్కడి లాభం ఏమిటంటే సర్జరీకి, మెడిసిన్‌కి, గర్భకోశ సమస్యలకి వేర్వేరుగా పీజీ చేసిన డాక్టర్లుంటారు. ఎక్స్‌రే, స్కానింగ్ ఒకేచోట అవుతాయి. చెన్నైలో కుక్కలకు డయాలసిస్, రక్తం ఎక్కించే ఏర్పాటు కూడా ఉన్నాయి. నష్టం కూడా ఉంది. విద్యార్థులు ముందు చూస్తారు, ఆ తర్వాత ప్రొఫెసరు చూస్తారు. అడిగిన ప్రశ్నే నలుగురు అడుగుతారు. ఓపీ కోసం పొద్దున్నే చేరాలి, అంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. తిరుపతి, గన్నవరంలో భాష ఇబ్బంది లేదు. చెన్నైలో కూడా నెల్లూరు వాళ్లం ఎలాగో నెట్టుకొస్తాం, మన సొంత జబ్బులకు అక్కడికి పోవడం అలవాటే కదా.

ఎప్పుడు పోవాలి? ఇక్కడి డాక్టరు "ఇది నా వల్ల కాదు" అన్నప్పుడు. అలా చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం, అలిగి రావొద్దు. రిఫరల్ చీటీ రాయించుకోండి, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల పేర్లు, పరీక్షల కాగితాలు పట్టుకెళ్లండి. అవి లేకపోతే అక్కడ మొదటి నుంచీ అన్నీ మళ్లీ చేస్తారు. సెలైన్ మీద ఉన్న పిల్లని మాత్రం నిలకడ రాకముందే కార్లో వేసుకుని మూడు గంటలు తిప్పొద్దు.

## ఎక్కువమంది అడిగే మూడు సంగతులు

కంబైండ్ టీకాల్లో సెవెన్ ఇన్ వన్నా, నైన్ ఇన్ వన్నా? అంకె పెరిగితే టీకా గొప్పదని కాదు. పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్ లాంటి అసలు జబ్బులు అన్నిట్లోనూ ఉంటాయి. తేడా ఎక్కువగా లెప్టోస్పైరా రకాల దగ్గర వస్తుంది. అది ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా వచ్చే జబ్బు, మనుషులకూ అంటుతుంది. వరి మడుల పక్కన, ధాన్యం నిల్వ ఉండే ఇంట్లో, వానాకాలం నీళ్లు నిలిచే వీధిలో ఉన్న కుక్కకి దాని గురించి ప్రత్యేకంగా అడగాలి. మూడో అంతస్తులో ఉండే పమేరియన్‌కి అంకె గురించి టెన్షన్ అక్కర్లేదు. దానికన్నా ముఖ్యం వరుస తప్పకపోవడం. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. రేబిస్ మూడు నెలలకి వేస్తారు, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఆపై ఏటా. మధ్యలో రెండు డోసులు వేసి "అయిపోయింది" అనుకున్న ఇళ్లలోనే పార్వో ఎక్కువగా చూస్తాం. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లని వీధిలో నేల మీద తిప్పొద్దు.

జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వస్తోంది. మన ఎండకీ ఉక్కకీ గోమార్లకు ఏడాదంతా పండగే. వాటి వల్ల వచ్చేవాటిలో ఎర్లికియా, బబీసియా ముఖ్యమైనవి. రెంటికీ పైకి కనిపించేది ఒకటే: తిండి మానెయ్యడం, మూలన పడుకోవడం, చిగుళ్లు తెల్లబోవడం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. మందులు మాత్రం వేరు. అందుకే రక్తం స్లైడు మీద చూసి, ప్లేట్‌లెట్లు లెక్కపెట్టే చోటికి పోవాలి. ఎర్లికియాకి బిళ్లలు దాదాపు నాలుగు వారాలు వెయ్యాలి. ఐదో రోజుకే కుక్క లేచి తోక ఊపుతుంది, ఇంట్లోవాళ్లు బిళ్లలు అటకెక్కిస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి. ఈ జబ్బుకి క్లినిక్ ఎంపిక కన్నా కోర్సు పూర్తి చెయ్యడమే పెద్ద విషయం. మందుతో పాటు ఇంటి గోడల పగుళ్లు, కుక్క పడుకునే గోనెపట్టా కూడా శుభ్రం కావాలి, గోమార్లు గుడ్లు పెట్టేది అక్కడే.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎక్కడ చేయించాలి? ఇక్కడ ధర చూసి ఎంచుకునేవాళ్లు ఎక్కువ. నేనైతే మత్తు ఎలా ఇస్తారో చూస్తాను. ఏడాది వయసున్న ఆరోగ్యమైన ఊరకుక్కకి, చెయ్యి తిరిగిన డాక్టరు అయితే, ఇంజెక్షన్ మత్తుతో సర్కారు ఆసుపత్రిలో చేసినా బాగానే కోలుకుంటుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకీ, ఏడెనిమిదేళ్లు దాటినవాటికీ గొంతులో గొట్టం వేసి గ్యాస్ మత్తు ఇచ్చి, గుండెనీ ఆక్సిజన్నీ చూసే యంత్రం ఉన్నచోటే చేయించాలి. దగ్గర్లో లేకపోతే తిరుపతికో చెన్నైకో గన్నవరానికో పోవడం న్యాయం.

ఎక్కడ చేయించినా ముందు రక్త పరీక్ష తప్పనిసరి అంటాను. కారణం మళ్లీ గోమార్లే. పైకి హుషారుగా ఉన్న కుక్కలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు, బల్ల మీద కోశాక రక్తం ఆగదు. "మా దానికి ఏ జబ్బూ లేదండీ" అని మనం ఇచ్చే హామీ డాక్టరుకి పనికిరాదు.

ఆడకుక్కకి ఆపరేషన్ ఎందుకని వాయిదా వేసేవాళ్లకి ఒక్క మాట. ఎదకు వచ్చిపోయిన నెలా రెండు నెలల్లో నీళ్లు విపరీతంగా తాగుతూ, నీరసంగా ఉండి, కింద నుంచి చీము లాంటిది కారుతుంటే గర్భసంచికి చీము పట్టిందేమోనని చూపించాలి. కారకుండా లోపలే నిలిచిపోతే ఇంకా ప్రమాదం. అప్పుడు చేసేదీ అదే ఆపరేషన్, కానీ జ్వరంతో నీరసించిన ఒంటి మీద. ఖర్చూ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ.

## పొద్దున దాకా ఆగకూడనివి

కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోవడం, ముఖ్యంగా పెద్ద జాతి కుక్కల్లో. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల బయటికి రాకపోవడం. కుక్కపిల్లలో రక్త విరేచనాలు. ఎలుకల మందు, పురుగుమందు. పాముకాటు.

పాముకాటుకి మనుషులకు వాడే విరుగుడే వాడతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే మందు అది. అన్ని చోట్లా ఉండదు. "మీ దగ్గర యాంటీ వెనమ్ ఉందా?" అని బయల్దేరే ముందే ఫోన్లో అడగండి. కట్లు బిగించడం, గాయం కొయ్యడం చెయ్యొద్దు.

రోహిణి కార్తెలో వడదెబ్బకి మాత్రం ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే బండెక్కించాలి. ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టండి. తడి గుడ్డ కప్పేసి వదిలెయ్యొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి పగ్‌ని బైకు ముందు కూర్చోబెట్టుకుని టీకాకి బయల్దేరేవాళ్లను చూస్తే ఆపి చెప్పాలనిపిస్తుంది.

## మీరెవరైతే ఏం చెయ్యాలి

నెల్లూరు, ఒంగోలు టౌన్లో ఉండి, జాతి కుక్క పెంచేవాళ్లు: ఒక పెట్ క్లినిక్ ఖాయం చేసుకోండి. అది మూసి ఉన్నప్పుడు పోవడానికి రెండోది పెట్టుకోండి. టీకాలు, రక్త పరీక్షలు అక్కడే. డబ్బు ఆదా చెయ్యాలంటే రేబిస్ టీకా సర్కారు ఆసుపత్రిలో వేయించి, అదే కార్డులో రాయించండి.

వీధికుక్కని చేరదీసినవాళ్లు: మీకు సర్కారు ఆసుపత్రే అండ. మందులు బయట కొన్నా మొత్తం ఖర్చు అదుపులో ఉంటుంది. మిగిలిన డబ్బు రక్త పరీక్షకి, ఆపరేషన్‌కి పెట్టండి. నన్నడిగితే ఖరీదైన మేత కన్నా ఆ ఆపరేషన్ ముఖ్యం.

పిల్లి పెంచేవాళ్లు: మన దగ్గర పిల్లుల్ని తరచుగా చూసే డాక్టర్లు తక్కువ. "నెలలో ఎన్ని పిల్లులు వస్తాయి?" అని అడిగి ఎంచుకోండి. మూత ఉన్న బుట్టలో తీసుకెళ్లండి, చేతుల్లో ఎత్తుకుపోతే కుక్క మొరిగిన క్షణంలో మీ భుజం గీసుకుని పారిపోతుంది. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే మలబద్ధకం అనుకుని ఆముదం తాగించొద్దు. మూత్రం దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఇది ఆ పూటే చూపించాల్సిన జబ్బు.

ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం వైపు దూరంగా ఉన్నవాళ్లు: మీకు పైన చెప్పిన సౌకర్యాల్లో సగం అందవు, కాబట్టి మీ పని ముందు జాగ్రత్తలోనే ఎక్కువ. మండల పశువైద్యులతో పరిచయం పెంచుకోండి, కుక్కని ఒకసారి ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూపించి రండి. కంబైండ్ టీకాలకి టౌన్‌కి రావాల్సిన రోజులు ముందే అనుకుని, మీ పనులతో కలుపుకోండి. టీకా కొని ఊరికి తీసుకెళ్లాలంటే థర్మోస్‌లో ఐస్ ప్యాకులతోనే, ఐస్ నేరుగా సీసాకి తగలకుండా గుడ్డ చుట్టి. ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. కుక్కకి మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. డాక్టరుకి ఫోన్ చేసినప్పుడు "ఒళ్లు కాలిపోతోంది" అనే బదులు ఆ అంకె, చిగుళ్ల రంగు, చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు మూత్రం పోసింది చెప్పండి. అంత చెబితే టౌన్‌కి ఇప్పుడే బయల్దేరాలా, పొద్దున వరకూ ఆగొచ్చా అన్నది ఆయన ఫోన్లోనే తేల్చి చెప్పగలరు.